టార్షన్ అంటే మన పురినే: సప్లీ రాయబోయే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

పోస్టు కొంచెం పెద్దది. టైం ఉన్నప్పుడు నిదానంగా చదవండి. మెకానికల్, సివిల్ వాళ్ళైతే పెన్ను, పేపరు పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన వారం సెకండియర్ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ రెండోసారి కూడా పోయిందంట. "అన్నా, టార్షన్ యూనిట్ చూస్తేనే తల తిరుగుతాంది. మా నాయన బెంగళూరులో కంబీ పనికి రమ్మంటున్నాడు, పోతాను" అని రాసినాడు. ఆ మాట చదివినాక రెండు రోజులు మనసు మనసులో లేదు. ఆ పిల్లోనికి ఒక్కడికే జవాబు రాద్దామనుకున్నా. కానీ ఇదే సబ్జెక్టు దగ్గర ఆగిపోయిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. టార్షన్ మన ఇళ్ళకి కొత్తది కాదు. మన పెద్దోళ్ళు రోజూ చేతుల్తో చేసే పనే. పుస్తకం దానికి ఒక లెక్క తోడు చేసింది, అంతే. అయితే ఆ లెక్క చాలా విలువైంది. అది లేకుండా చేతి తెలివి ఒక్కటే ఉంటే ఏమవుతుందో కూడా చెప్తాను.

మాది చిలమత్తూరు మండలంలో ఒక తండా. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కొడికొండ చెక్ పోస్ట్ దాటితే బాగేపల్లి, కర్ణాటక. పాత అనంతపురం జిల్లా మొత్తానికీ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. కింద అంతా గట్టి రాయి, గ్రానైటు, నైస్. ఆ రాతిలో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. ఒకప్పుడు 200 అడుగులకు పడిన నీళ్ళ కోసం ఇప్పుడు 800, 1000 అడుగులు పోతున్నారు. అందుకే మా దగ్గర ఎండాకాలం వచ్చిందంటే రాత్రంతా బోరు బండ్ల శబ్దమే. ఆ బండ్లలో చాలావాటి మీద తమిళనాడు తిరుచెంగోడు పేరు రాసి ఉంటుంది, మీరూ చూసుంటారు.

మా బా నాలుగైదు ఎండాకాలాలు బోరు బండి మీద హెల్పర్ గా పనిచేసినాడు. రాడ్డు ఎత్తడం, బిగించడం, గ్రీజు పూయడం. ఒక్కో రాడ్డు 20 అడుగులు. బా చదువుకున్నది మూడో తరగతి.

ముందు పురి సంగతి చెప్తా. కిత్తనారతో పగ్గం పేనేటప్పుడు ఏం చేస్తారు? ఒకరు ఒక చివర గట్టిగా పట్టుకుంటారు. ఇంకొకరు రెండో చివర తిప్పుతారు. పట్టుకున్నవాడి చేతికి ఆ తిప్పుడు బలం తెలుస్తుంది. వదిలేస్తే గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఈ తిప్పే బలాన్నే పుస్తకంలో టార్క్ అంటారు. నారకి ఎక్కిన పురినే యాంగిల్ ఆఫ్ ట్విస్ట్ అంటారు. ఒకవైపు తిప్పిన రెండు పోగుల్ని కలిపి రెండోవైపు తిప్పితే ఒకదాని పురి ఇంకొకదాన్ని ఊడనియ్యదు. తాడు నిలబడేది అందుకే. మన అవ్వలకి ఇది తెలుసు. వాళ్ళు దానికి పేరు పెట్టలేదు, అంతే.

బోరు రాడ్డుకీ ఇదే జరుగుతుంది. పైన బండి తిప్పుతుంది. కింద బిట్టు రాయిని పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న రాడ్లన్నింటికీ పురి ఎక్కుతుంది. ఇనుముకి పురి ఏమిటి అనుకోవద్దు. 800 అడుగుల ఇనుము తాడు లాంటిదే.

ఇప్పుడు మా సొంత బోరు సంగతి. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మాకున్న రెండెకరాల్లో బోరు వేయించినాము. వడ్డీకి తెచ్చిన డబ్బు. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూపించినాయన 700కి నీళ్ళన్నాడు. 700 దాటింది, 800 దాటింది, దుమ్మే. 43 రాడ్లు దిగినాక, అంటే 860 అడుగుల దగ్గర, రాడ్లు ఇరుక్కున్నాయి. తిరగవు, పైకి రావు. రాత్రి ఒంటిగంట.

డ్రిల్లర్ బలంగా తిప్పేద్దామన్నాడు. అడుగున బిట్టు దగ్గర రాతి ముక్క ఇరుక్కుని ఉంటుంది, గట్టిగా తిప్పితే నలుగుతుంది అని అతని లెక్క. ఎడమవైపు తిప్పడానికి లేదు, ఎందుకంటే రాడ్ల మరలు కుడివైపువి. ఎడమకి తిప్పితే ఎక్కడో ఒక జాయింటు ఊడి కిందివన్నీ లోపలే ఉండిపోతాయి. కుడికే తిప్పాలి. కానీ ఎంత? రాడ్డు తెగితే కింద మిగిలినవాటి సొమ్ము కూడా మా మీదే పడుతుందని ముందే మాట్లాడుకున్నారు.

బా ఒక పని చేయించినాడు. పై రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీసినాడు. దానికి ఎదురుగా బండి ఇనుము మీద ఇంకో గీత. "ప్రెషర్ మీటర్లో ముల్లు ఫలానా చోటికి వచ్చేదాకా నిదానంగా తిప్పి, నిదానంగా వదులు" అన్నాడు. తిప్పినారు, వదిలినారు. గీత వెనక్కి వచ్చింది. బా వేళ్ళు పెట్టి కొలిచినాడు. మా భాషలో అన్న మాటని తెలుగులో చెప్తే ఇట్లుంటుంది: "అడుగున పట్టుకునుంటే బెత్తెడు వెనక్కి రావాల. రెండేళ్ళే వచ్చింది. సగంలోనే పట్టుకున్యాది. బిట్టు కాదు, పైన మట్టి కూలింది."

బిట్టు దగ్గర పట్టుకుంటే చేసే పని వేరు. సగంలో మట్టి కూలితే చేసే పని వేరు. రెండోదానికి బలంగా తిప్పకూడదు. గాలి ఎక్కువ పెట్టి, రాడ్లని నిదానంగా పైకీ కిందికీ ఆడించి, కూలిన పొరని ఊదెయ్యాలి. తెల్లారి ఐదుకి రాడ్లు కదిలినాయి. ఒక్కొక్కటే 43 రాడ్లూ బయటికి వచ్చినాయి. 420, 430 అడుగుల దగ్గరి రాడ్లకి తడి ఎర్రమట్టి అంటుకుని ఉంది. నీళ్ళు మాత్రం పడలేదు. ఆ అప్పు మాకు ఆరేళ్ళు పట్టింది.

రెండేళ్ళ తర్వాత ఇంజినీరింగ్ లో టార్షన్ మొదలైంది. మా కాలేజీలో ఒక సారు బోర్డు మీద ఈక్వేషన్ రాసి, వెనక బెంచీల వైపు చూసి, "హాస్టల్ బ్యాచ్ కి ఇది ఎక్కదు, ఫార్ములా బట్టీ కొట్టుకోండి" అన్నాడు. టి బై జె ఈక్వల్స్ టౌ బై ఆర్ ఈక్వల్స్ జి తీటా బై ఎల్. ఇందులో టి అంటే టార్క్. జె అంటే పోలార్ మొమెంట్, అంటే అడ్డుకోత ఆకారం మెలికి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె. టౌ అంటే షియర్ స్ట్రెస్, ఆర్ అంటే వ్యాసార్థం. జి లోహం గుణం. తీటా ఎక్కిన పురి. ఎల్ పొడవు.

ఆ రోజు సాయంత్రం హాస్టల్లో కూర్చుని బా బోరు రాడ్డుకి లెక్క వేసినా. మీరూ నాతో పాటు వెయ్యండి. రాడ్డు బయటి వ్యాసం 114 మిల్లీమీటర్లు, గోడ మందం 8, కాబట్టి లోపలి వ్యాసం 98 అనుకుందాం. జె ఫార్ములా: పై బై 32, ఇంటూ బయటి వ్యాసం నాలుగో ఘాతం మైనస్ లోపలి వ్యాసం నాలుగో ఘాతం. సుమారు 75 లక్షల 26 వేలు వస్తుంది, మిల్లీమీటర్ల నాలుగో ఘాతంలో. స్టీలుకి జి 80 గిగాపాస్కల్స్. పొడవు 860 అడుగులు, అంటే 262 మీటర్లు. టార్క్ లెక్క కోసం 3000 న్యూటన్ మీటర్లు తీసుకుందాం. తీటా ఈక్వల్స్ టి ఎల్ బై జి జె. జవాబు 1.3 రేడియన్లు, అంటే దాదాపు 75 డిగ్రీలు.

దాన్ని రాడ్డు బయటి వ్యాసార్థం 57 మిల్లీమీటర్లతో గుణించండి. ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది. అదే బెత్తెడు! పొడవు సగమైతే పురి సగం, అంటే రెండు వేళ్ళు. బోరు గోడకి రాడ్డు రాసుకుంటుంది కాబట్టి నిజంగా కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ అందాజాకి చాలు. చమురు బావులు తవ్వేవాళ్ళు కూడా ఇరుక్కున్న చోటు పట్టుకోవడానికి రాడ్డు ఎంత సాగింది, ఎంత మెలితిరిగింది అనే కొలతనే వాడతారు. దానికి ఫ్రీ పాయింట్ అని పేరుంది.

ఈ ఒక్క రాడ్డుతోనే టార్షన్ యూనిట్ సగం అయిపోతుంది. చూడండి.

మొదటిది: పొడవు పెరిగితే పురి పెరుగుతుంది గానీ స్ట్రెస్ పెరగదు. అదే 3000 టార్క్ కి స్ట్రెస్ లెక్కవేస్తే 23 మెగాపాస్కల్స్ కూడా రాదు. మామూలు మైల్డ్ స్టీల్ షియర్ లో 140 దాకా ఓర్చుకుంటుంది. అంటే రాడ్డు కాలు వంతు తిరగడానికి దగ్గరగా మెలిపడినా దానికి ఏమీ కాదు. ఎగ్జామ్ లో స్ట్రెంగ్త్ అడిగినాడా, స్టిఫ్ నెస్ అడిగినాడా అని ముందు చూడమనేది అందుకే. స్ట్రెంగ్త్ కి టౌ ఉన్న భాగం, స్టిఫ్ నెస్ కి తీటా ఉన్న భాగం.

మరి రాడ్లు ఎందుకు తెగుతాయి? నున్నటి పైపు మధ్యలో సాధారణంగా తెగవు. మరలున్న జాయింటు దగ్గర లోహం తక్కువ, మూలలు పదును, స్ట్రెస్ అక్కడ గుమిగూడుతుంది. వేలసార్లు బలం ఎక్కి దిగితే చిన్న పగులు పుట్టి పెరుగుతుంది. దాన్ని ఫెటీగ్ అంటారు. బా గ్రీజు పూసేటప్పుడు మరల మీద బొటనవేలు తిప్పి చూసేవాడు. పగులు గోటికి తగులుతుందని.

రెండోది: ఆ పురిలో శక్తి దాగి ఉంటుంది. సగం ఇంటూ టార్క్ ఇంటూ తీటా వేస్తే సుమారు 2000 జౌల్స్. నాలుగు సిమెంటు మూటల్ని మీటరు ఎత్తుకి లేపినంత. కింద పట్టు ఒక్కసారి వదిలితే అదంతా క్షణంలో బయటికి వస్తుంది. పైన రెంచి పట్టుకుని నిలబడినవాడి మణికట్టు విరుగుతుంది. మన పిల్లోళ్ళు సెలవుల్లో బోరు బండ్ల మీద పనికి పోతారు కదా, వాళ్ళకి ఈ మాట చెప్పండి. పరీక్ష కంటే ఇది ముఖ్యం.

మూడోది: డొల్ల రాడ్డు ఎందుకు? గాలి లోపలికి పోవాలి, అది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. ఇదే రాడ్డులోని ఇనుమంతా కరిగించి, అంతే పొడవుకి గట్టి కడ్డీ పోస్తే దాని వ్యాసం 58 మిల్లీమీటర్లే వస్తుంది. అప్పుడు జె లెక్కవేస్తే డొల్ల రాడ్డు దానికంటే ఆరున్నర రెట్లకు పైగా గట్టి. బలంలో మూడు రెట్లకు పైనే. ఎందుకంటే మెలితిప్పినప్పుడు నడిమధ్యలో స్ట్రెస్ సున్నా. బయటి అంచున ఎక్కువ. మధ్యలో ఉన్న ఇనుము ఊరికే బరువు. హాలో షాఫ్ట్, సాలిడ్ షాఫ్ట్ పోల్చమని వచ్చే ప్రశ్న ఇదే.

ఇంక పవర్ లెక్కలు. పవర్ ఈక్వల్స్ టార్క్ ఇంటూ తిరిగే వేగం. 10 హెచ్.పి. సబ్ మెర్సిబుల్ మోటారు నిమిషానికి 2880 చుట్లు తిరిగితే టార్క్ 25 న్యూటన్ మీటర్లే. మీటరు కర్ర చివర రెండున్నర కిలోలు వేలాడదీసినంత. అందుకే దాని షాఫ్ట్ సన్నగా ఉంటుంది. 35 హెచ్.పి. ట్రాక్టరు వెనక షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లే తిరుగుతుంది. టార్క్ 460 దాటుతుంది. అదే కర్రకి ఒక సిమెంటు మూట కట్టినంత. పవర్ మూడున్నర రెట్లు, టార్క్ 18 రెట్లు! మెల్లగా తిరిగేదాని దగ్గరే మెలి ఎక్కువ. లెక్కలో నిమిషాల చుట్లని సెకన్ల రేడియన్లలోకి మార్చడం మర్చిపోవద్దు. మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

ఇరగడం గురించి కూడా వైవా లో అడుగుతారు. ఈ మూడూ చేసి చూడండి. సుద్దముక్కని రెండు చేతుల్తో మెలితిప్పండి. అడ్డంగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా, మర లాగా విరుగుతుంది. అది పెళుసు పదార్థం, లాగుడుకి ఓర్చదు, లాగుడు ఎక్కువుండేది ఆ ఏటవాలులోనే. మైల్డ్ స్టీల్ కడ్డీ చాలా చుట్లు తిరిగి చివరికి అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగుతుంది. అది షియర్ కి లొంగుతుంది. ఎండిన జొన్న దంటుని మెలితిప్పితే నిలువునా చీలుతుంది. మెలిలో అడ్డంగా ఎంత షియర్ ఉంటుందో నిలువునా అంతే ఉంటుంది. దంటు పీచులు నిలువునా అంటుకున్న పట్టు బలహీనం, అందుకే అట్లా విడిపోతాయి. సూత్రం ఒకటే, విరిగే తీరు దేని బలహీనతని బట్టి దానిది.

ఈ లెక్కకి మూలం వేసినాయన షార్ల్ కూలుంబ్, ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరు. కరెంటు పాఠంలో వచ్చే కూలుంబ్ ఆయనే. 1784లో సన్న తీగలకి బరువు వేలాడదీసి, మెలితిప్పి వదిలి, ఊగే టైం కొలిచినాడు. మెలితిప్పే బలం పురికి తగ్గట్టు పెరుగుతుందనీ, తీగ పొడవు పెరిగితే తగ్గుతుందనీ, తీగ లావు నాలుగో ఘాతంతో పెరుగుతుందనీ తేల్చినాడు. మరుసటి ఏడాది ఆ తీగ పురితోనే విద్యుత్ బలాన్ని కొలిచినాడు. 1798లో కావెండిష్ అదే పద్ధతితో భూమి సాంద్రత కొలిచినాడు. సుద్దగీత పెట్టి రెండేళ్ళు కొలిచిన పని, భూమిని కొలిచిన పని, రెండూ ఒకే జాతివి.

బోరు అప్పు తర్వాత బా కూడా బెంగళూరు పోయినాడు, కంబీ పనికే. అక్కడ పాత మేస్త్రీలు ఇప్పటికీ కమ్మిని టోర్ కమ్మి అంటారు. ఆ పేరు వచ్చింది టార్షన్ నుంచే. టి.ఎం.టి. రాకముందు కమ్మిని చల్లగా ఉన్నప్పుడే మెలితిప్పి గట్టిపరిచేవాళ్ళు. 250 మెగాపాస్కల్స్ దగ్గర లొంగే ఇనుము 415 దాకా నిలబడేది. అయితే గట్టిపడిన కొద్దీ సాగే గుణం తగ్గేది. అందుకే వేడి కమ్మిని నీళ్ళతో చల్లార్చి చేసే టి.ఎం.టి. వచ్చినాక అది వెనకబడింది. కష్టపడితే గట్టిపడతాం అని మనకి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇనుము సంగతి చూస్తే మెలి ఎక్కువైతే గట్టిపడుతుంది, విరగడానికి దగ్గర కూడా అవుతుంది. మన పిల్లల్ని అదే పనిగా మెలితిప్పేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు అసలు మాట. మా బా కి చేతి తెలివి ఉంది. ఆ రాత్రి ఆ తెలివే రాడ్లని కాపాడింది. కానీ ఆయనకి హెల్పర్ కూలీయే ఇచ్చినారు. ఎందుకంటే బెత్తెడు, రెండేళ్ళు అన్న మాట కాగితం మీద లేదు. అదే మాటని 75 డిగ్రీలు, 131 మీటర్లు అని రాసి సంతకం పెట్టగలిగితే దానికి ఉద్యోగం పేరు వస్తుంది. ఇంకోటి, బా కి ఆ కొలత తెలియడానికి నాలుగైదు ఎండాకాలాలు, ఎందరివో తెగిన రాడ్లు కావాల్సి వచ్చింది. లెక్కకి ఒక్క రాడ్డు కూడా తెగనక్కర్లేదు. కొత్త రాడ్డు, కొత్త లోతు, కొత్త ఇనుము వచ్చినా అది చెప్తుంది. చదువు మనకి ఇచ్చేది ఇదే తమ్ముడూ.

2019 నుంచి మన పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. ఈ కాలపు కార్లలో స్టీరింగ్ లోపల టార్షన్ బార్ అని చిన్న కడ్డీ ఉంటుంది. డ్రైవరు తిప్పినప్పుడు అది కొన్ని డిగ్రీలు మెలిపడుతుంది. ఆ పురిని సెన్సర్ కొలిచి, మోటారు ఎంత సాయం చెయ్యాలో చెప్తుంది. అట్లాంటి చోటికి గేటు బయట కూలీగా కాకుండా లోపల ఆ పురిని లెక్కగట్టేవాళ్ళుగా మనం పోవాలంటే ఈ యూనిట్ దాటాలి.

సప్లీకి నేను చెప్పేది:

1. ముందు ఈక్వేషన్ లో ఒక్కో అక్షరాన్ని మీ ఇంటి భాషలో రాసుకోండి. గోర్ బోలీనో, తెలుగో, ఏదైనా సరే. తర్వాత ఇంగ్లీషు పేరు రాయండి.
2. థియరీలో సర్క్యులర్ షాఫ్ట్ కి ఈక్వేషన్ తేవడం, అందులో తీసుకునే అసంప్షన్స్ ఖాయంగా రాయగలగాలి.
3. హాలో, సాలిడ్ పోల్చే లెక్కలు ఐదు. పవర్ నుంచి వ్యాసం తేల్చే లెక్కలు ఐదు. స్టెప్డ్ షాఫ్ట్ లెక్కలు మూడు. చూడకుండా చెయ్యాలి.
4. యూనిట్లు. మిల్లీమీటర్లో, మీటర్లో, ఒక్కటే పట్టుకోండి.
5. జవాబు వచ్చినాక ఇది నిజమయ్యే పనేనా అని అడగండి. ట్రాక్టరు షాఫ్ట్ వ్యాసం రెండు మీటర్లు వస్తే ఎక్కడో తప్పు పోయినట్టే.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి: సెలవుల్లో మీ నాయనతో పనికి పో, తప్పులేదు. ఆ కూలీ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టు. కానీ చదువు మానొద్దు. ఈ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదికి ఫోన్లో గంటసేపు లెక్కలు చేద్దాం. ఇంకెవరికైనా కావాలంటే పేరు, బ్రాంచి, ఏ యూనిట్ దగ్గర ఆగినారో రాయండి. మొదటి ఆదివారం స్టెప్డ్ షాఫ్ట్. పాత క్వశ్చన్ పేపర్లు ఉన్నవాళ్ళు ఫోటోలు తీసి పెట్టండి.